విహారంలో ఉతుకుడు

కామవరపుకోట మండలం జీలకర్రగూడెం దగ్గరి గుంటుపల్లి కొండ గుహలు క్రీ.పూ. 2వ శతాబ్దం నాటి బౌద్ధ విహారాలు. విహారమంటే అప్పట్లో భిక్షువుల నివాసం. ఇప్పుడు ఓడ మీద సెలవులు గడపడమూ విహారమే. మాసిన బట్టలు మాత్రం రెండుచోట్లా వెంటే ఉంటాయి. భిక్షువుకు చీవరాలు, అంటే కట్టుకునే వస్త్రాలు, మూడే కనుక ఉతుకుడు తరచూ తప్పదు. మరి సర్వమూ వదిలినవాడి బట్ట ఎవరు ఉతకాలి? బంధువు కాని భిక్షుణి చేత పాత చీవరం ఉతికించినా, రంగు వేయించినా దోషమేనంటుంది భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం; ఆ చీవరాన్ని వదులుకోవాలి. ఇలా నియమం పెట్టాల్సి వచ్చిందంటే, వైరాగ్యం మగవాడిది, చాకిరీ ఆడదానిది కావడం ఆనాటికే అలవాటు కాబోలు! రంగు వెలిసిన చీవరానికి మళ్లీ రంగు వేసుకోవచ్చు. అందుకు వేరు, మాను, బెరడు, ఆకు, పువ్వు, కాయల రంగులకు అనుమతి ఉంది.