పిట్టగోడ లేని యిల్లు

ధ్యాన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, యెహెజ్కేలు 13:10-15, 1 కొరింథీయులకు 6:1-8



సొంత ఊరు విడిచి, పని వెదకుకొనుచు వచ్చి, తరములు గడచి ఇక్కడనే స్థిరపడిన ప్రజలము మనము. కోలారు బంగారు గనులలో, షోలాపూరు మగ్గములమీద, మద్రాసులో, బొంబాయి కట్టడములలో మన తెలుగు పెద్దలు శ్రమపడిరి. లైన్లలోను అద్దె గదులలోను కాలము గడపిన ఆ తరము కన్న కల సొంత యిల్లు. పదవీ విరమణనాడు చేతికి వచ్చిన సొమ్మంతయు అనేకులు ఆ యింటిమీదనే పెట్టుదురు. అందుచేత ఆ యిల్లు చెడినప్పుడు కలుగు దుఃఖము చిన్నది కాదు.

సంగతి తరుచుగా ఈలాగు జరుగును. ఒక సహోదరుడు తన స్థలములో యిల్లు కట్టదలచి, మన సంఘమువాడే కదా అని తోటి విశ్వాసికి పని ఒప్పగించును. ఒప్పంద పత్రము లేదు, అడ్వాన్సుకు రసీదు లేదు. ప్రార్థన చేసి పునాదిరాయి వేయుదురు. గృహప్రతిష్ఠనాడు అందరము భోజనము చేసి వత్తుము. మొదటి వానకే స్లాబు కారును. కాంక్రీటు స్లాబును కనీసము 7 దినములు, బూడిద కలిసిన సిమెంటయితే 10 దినములు తడి ఆరనీయకూడదు. అక్కడ మూడవనాటికే నీళ్లు పట్టుట మానివేసిరి. కొన్నాళ్లకు స్నానపుగదిలో గీజరు ముట్టుకొన్న యింటి కోడలికి షాకు కొట్టును. విప్పి చూడగా సాకెట్టుకు మూడు రంధ్రములున్నవి గాని, మూడవదాని వెనుక ఎర్తు తీగ లేదు. కరెంటు కనెక్షను కొరకు దాఖలు చేసిన పత్రముమీది లైసెన్సు నంబరు వేరొకనిది. అతడు ఆ యింటి గుమ్మము ఎన్నడును త్రొక్కలేదు.

అంతట సంఘము రెండుగా చీలును. సహోదరుని కోర్టుకు ఈడ్చుట పాపమని కొందరందురు. మోసగానితో కలిసి ప్రభువు బల్లలో ఎట్లు పాలుపొందుదుమని కొందరందురు. ఊళ్లు మారును గాని ఈ సంగతి మారదు. దీనికి దేవుని వాక్యము ఏమి చెప్పుచున్నది?

క్రొత్త యిల్లు కట్టువాడు దాని కప్పుచుట్టు పిట్టగోడ కట్టింపవలెనని మోషే ద్వారా దేవుడు ఆజ్ఞాపించెను. ఆ దేశములో కప్పులు చదునైనవి. జనులు వాటిమీద పండుకొందురు, ధాన్యము ఆరబోయుదురు, బిడ్డలు ఆడుకొందురు. పిట్టగోడ లేక ఎవడైనను పడి చచ్చినయెడల ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చును. ఆరాధననుగూర్చి ఆజ్ఞలిచ్చిన దేవుడే మేడమీది గోడనుగూర్చి కూడ ఆజ్ఞ ఇచ్చెనని గమనించుడి. ప్రార్థనచేత ప్రతిష్ఠింపబడిన యింటికైనను పిట్టగోడ కావలెను. మన కాలమునకు ఎర్తు తీగ ఒక పిట్టగోడయే. తగినంత ఇనుము, సరియైన సిమెంటు పాలు, అనుమతి పొందిన ప్లాను, ఇవన్నియు పిట్టగోడలే.

మన దేశములో యిల్లు కట్టు మేస్త్రీకి సాధారణముగా లైసెన్సు అడుగరు. విద్యుత్ పని అట్టిది కాదు. ప్రభుత్వ లైసెన్సు గల కాంట్రాక్టరు చేత, యోగ్యతాపత్రము గలవాని పర్యవేక్షణలో అది జరుగవలెనని నియమమున్నది. ఆ నంబరును కొంత సొమ్మునకు అరువిచ్చి, చూడని పనికి సంతకము పెట్టుట లోకములో అలవాటైపోయినది. మనము దానిని అలవాటని పిలువకూడదు. నేను చూచితిని, పని బాగుగా నున్నది అని ఆ సంతకము పలుకుచున్నది. చూడనివాడు అట్లు పలికినయెడల అది అబద్ధసాక్ష్యము. పది ఆజ్ఞలలో తొమ్మిదవది సిరాతో వ్రాసిన అబద్ధమునకును వర్తించును.

ఇది గోరంతను కొండంత చేయుట కాదు. 2013 ఏప్రిల్ 4న ముంబయి దగ్గర ముంబ్రాలో అనుమతి లేకుండ కట్టుచున్న భవనము కూలి 74 మంది చనిపోయిరి. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కములో కట్టుబడిలో నున్న 11 అంతస్తుల భవనము కూలి 61 మంది మరణించిరి. వారిలో శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి పొట్టకూటికై వచ్చిన మన తెలుగు కూలీలుండిరి. ఇండ్లు కట్టించుకొన్నవారికంటె ముందుగా, వాటిని కట్టుచున్న బీదవారే ఆ శిథిలముల క్రింద పడిరి.

ఇప్పుడు సంఘ పెద్దలతో ఒక మాట. యెహెజ్కేలు దినములలో జనులు బలము లేని గోడ కట్టగా, ప్రవక్తలు దానికి పూత పూసిరి. సమాధానము లేని చోట సమాధానమున్నదనిరి. వాన వచ్చెను, వడగండ్లు పడెను, పూతతో కూడ గోడ కూలెను. గోడ కట్టినది ప్రవక్తలు కారు. అయినను దేవుడు వారిని నిలదీసెను. మన మధ్య తగవు వచ్చినప్పుడు వాది ప్రతివాదులను ప్రక్కకు పిలిచి, చేతిలో చెయ్యి వేయించి, ప్రార్థన చేసి, సంగతి ముగిసినదని చెప్పుట సులభము. ఆ యింటిలో ఎర్తు తీగ మాత్రము అప్పటికిని లేదు. అట్టి సమాధానము పూత మాత్రమే.

కొరింథులోని విశ్వాసులు ఒకరిమీద ఒకరు అవిశ్వాసుల యెదుట వ్యాజ్యెమాడుట చూచి పౌలు సిగ్గుపరచెను. దానికంటె అన్యాయము సహించుట మేలు కాదా అని అడిగెను. ఈ మాటను మోసపోయినవాని నోరు మూయించుటకు వాడుట మనము విని యున్నాము. ఆ అధ్యాయములో ఇంక రెండు సంగతులున్నవి. సహోదరుల మధ్య తీర్పు తీర్చగల బుద్ధిమంతుడొక్కడైన మీలో లేడా అని పౌలు అడిగెను. అనగా విచారణ మానుమని ఆయన చెప్పలేదు, మీరే విచారించుడనెను. సహోదరులనే మోసపుచ్చువారిని ఆయన అంతకంటె గట్టిగా గద్దించెను.

కాబట్టి మేము చెప్పునదేమనగా, నష్టమును క్షమింపవచ్చును, అపాయమును దాచిపెట్టరాదు. పోయిన సొమ్ము నాది గనుక దానిని విడిచిపెట్టు హక్కు నాకున్నది. దానిని విడిచిపెట్టుమని ఇతరులు నన్ను బలవంతపెట్టరాదు. షాకు కొట్టు గోడ రేపు అద్దెకు వచ్చువాని బిడ్డను కూడ చంపగలదు. ఆ బిడ్డ తరఫున క్షమించు అధికారము నాకు లేదు, సంఘమునకును లేదు.

మరి ఏమి చేయవలెను? మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు క్రమము నేర్పెను. మొదట అతనియొద్దకు ఒంటరిగా వెళ్లుడి. వీధిలో అతని పేరు చెడగొట్టక మునుపు, చెడిన పనిని అతనికి చూపుడి. వినకపోయినయెడల ఇద్దరిని తీసికొనిపోవుడి. వారిలో ఒకడైనను పని తెలిసినవాడు కావలెను. రైల్వేలో, గనులలో, విద్యుత్ శాఖలో పనిచేసి విరమించిన పెద్దలు మన సంఘములలో ఉన్నారు. వారు చూచి లోపములను వ్రాసి, సరిచేయుటకు గడువు పెట్టవలెను. అప్పటికిని వినకపోతే సంఘమునకు చెప్పుడి. ఈలోగా ఆ స్విచ్చి ఆపివేసి, లైసెన్సు గల వేరొకనిచేత పరీక్ష చేయించుడి. దానికి గడువు అక్కరలేదు.

సంఘము మాట కూడ వినకపోయినయెడల ప్రభుత్వమును ఆశ్రయించుట పాపము కాదు. పౌలే న్యాయము కొరకు కైసరు యెదుట చెప్పుకొందుననెను. యిల్లు కట్టు పని కూడ వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చు సేవయేనని 1993లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. ఇప్పుడు అమలులో నున్నది 2019 నాటి చట్టము. చెల్లించిన సొమ్ము 50 లక్షలు మించనియెడల జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల వరకు రుసుము లేదు. వకీలు లేకుండ మనమే చెప్పుకొనవచ్చును. వివాదకారణము పుట్టిన రెండేండ్లలోగా దాఖలు చేయవలెను గనుక, రాజీ మాటలతో ఆ గడువు దాటనీయకుడి. అరువు లైసెన్సు సంగతి ఆ రాష్ట్ర విద్యుత్ తనిఖీ శాఖకు తెలుపవలెను. బిల్డరు అమ్మిన అపార్టుమెంటయితే 2016 నాటి రెరా చట్టమున్నది. స్వాధీనము చేసిన 5 ఏండ్లలో బయటపడిన కట్టుబడి లోపమును బిల్డరు తన ఖర్చుతో సరిచేయవలెనని దాని నియమము.

యిల్లు కట్టించువారలారా, మీతోను ఒక మాట. పిట్టగోడనుగూర్చిన ఆజ్ఞ మేస్త్రీకి కాదు, యింటివానికే ఇయ్యబడెను. అందరికంటె తక్కువ ధర చెప్పినవానినే పిలిచి, రసీదు వద్దని, ప్లాను అనుమతి ఎందుకని మనమే అన్నయెడల, తరువాత అతని నొక్కనినే నిందించుట న్యాయమా? గోపురము కట్టువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను. మన సంఘమువాడే గనుక కాగితమెందుకు అనకుడి. మన సంఘమువాడే గనుక కాగితము వ్రాసికొందము. ప్రేమ నిలుచుటకే అది. తగవు కాంట్రాక్టరుతో నుండగా కూలివాని దినకూలిని ఆపకుడి. అతని మొఱ్ఱ ప్రభువు చెవులలో చొచ్చునని యాకోబు హెచ్చరించుచున్నాడు.

కాంట్రాక్టరు పని చేయు సహోదరులారా, మీ వృత్తి హీనమైనది కాదు. 1876-78 కరవులో మన మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు 3 మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించెను. బోధకులే అక్కడ పని చూచుకొనిరి. కూలి కొరకు ఎవరును మతములో చేరకుండునట్లు ఆయన కరవు పని జరుగు కాలములో బాప్తిస్మములు నిలిపివేసెను. 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనము గర్వముగా చెప్పుకొందుము. ఆ దినమునకు ముందు ఒక నిజాయితీగల కాంట్రాక్టు ఉండెనని కూడ మన పిల్లలకు చెప్పుదము. మీ పని చెడియున్నయెడల వెళ్లి సరిచేయుడి. జక్కయ్య ఒప్పుకొని ఊరకుండలేదు, తిరిగి చెల్లించెను. ఆ దినముననే ఆ యింటికి రక్షణ వచ్చెను.

ప్రభువు మన చేతి పనిని స్థిరపరచి, మన యిండ్లలో పండుకొను పిల్లలను కాపాడి, సత్యముతో కూడిన సమాధానమును మన సంఘములకు అనుగ్రహించును గాక. ఆమేన్.