కార్డు ఒక్కటే, దారి ఒక్కటి కాదు

మా బడిలో చదివిన ఇద్దరు పిల్లలది ఒకే గూడెం. పాపకు గుండెలో రంధ్రం ఉందని బడికి వచ్చిన డాక్టరమ్మ కనిపెట్టింది. ఆరోగ్యశ్రీలో విశాఖలో ఆపరేషన్ అయింది. తండ్రి ఆసుపత్రికి ఒక్క రూపాయి కట్టలేదు. ఇప్పుడు ఆ పాప తల్లితో సంతకు నడిచి వెళ్తోంది. రెండేళ్ల తరువాత పిల్లవాడికి జ్వరం వచ్చింది. వానాకాలం, వాగు పొంగింది, ఉపకేంద్రానికి తాళం. మూడో రోజు డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం పోయింది. వాళ్ల ఇంట్లోనూ అదే కార్డు ఉంది.

ఈ రెండో ఇంటికి అన్యాయం జరిగిందా? కాగితం మీద చూస్తే లేదు. ఇద్దరికీ ఒకే పథకం, ఒకే హక్కు.

ఆరోగ్యశ్రీ 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై తరువాత రాష్ట్రమంతా వచ్చింది. పద్ధతి తెలిసిందే. జాబితాలో ఉన్న జబ్బయితే ఆసుపత్రి ముందుగా అనుమతి తీసుకుంటుంది, వైద్యం చేస్తుంది, ప్యాకేజీ రేటు ప్రకారం సొమ్ము తీసుకుంటుంది. అంటే రోగి ఆసుపత్రి గుమ్మం ఎక్కాకే పథకం కదులుతుంది. సొమ్ము ఆపరేషన్లు జరిగే చోటికి పోతుంది, ఆ చోటు పట్నం. కొండ ఎక్కి వచ్చి వేలి మీద సూది గుచ్చి రక్తం చూసే నర్సమ్మ పనికి ప్యాకేజీ లేదు. ఆమె వల్ల రాకుండా పోయిన జబ్బుకు బిల్లు ఎవరు రాస్తారు?

దీనికి ఒక జవాబు ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. గుండె ఆపరేషన్ ఖర్చు మన తాతలు పొలం అమ్మినా తేలేరు, మలేరియా మాత్ర చవక, కాబట్టి ప్రభుత్వం పెద్ద ఖర్చునే మొయ్యాలి అంటారు. ఆ పాప ముఖం చూస్తే నేనూ కాదనలేను. కానీ మనకు మాత్ర కరువైంది ధర వల్ల కాదు. దాన్ని వేళకు తెచ్చి ఇచ్చే మనిషి లేక.

దూరాన్ని లెక్కలో కలపడం ప్రభుత్వానికి తెలియనిదేమీ కాదు. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం అయితే కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికే ఒకటి ఉండాలని నిబంధన ఉంది. అందరికీ ఒకే కొలత పెడితే న్యాయం కాదని ఒప్పుకున్నట్టే కదా. గది కట్టి మనిషిని వెయ్యకపోతే ఆ నిబంధన గోడ మీద సున్నంతో సమానం.

మన సంగతీ చెప్పుకోవాలి. గ్రామసభలో రోడ్డు అడుగుతాం, పెద్దాసుపత్రి అడుగుతాం. ఏఎన్ఎం పోస్టు ఖాళీగా ఉందని ఎంతమందిమి అర్జీ రాశాం? నేను రాయలేదు. జ్వరం వచ్చిన మొదటి రోజు ఆ పిల్లవాణ్ణి ఇంటికి పోయి పడుకోమన్నది కూడా నేనే. ఆశా కార్యకర్తకు కబురు పెడితే ఆ పూటే రక్తం చూసేది. ఆ మాట వాళ్ల నాన్నకు చాలాకాలం చెప్పలేకపోయాను.

ఏడాది తరువాత ఆయనే బడికి వచ్చాడు. పాలిథిన్ కవర్లోంచి కార్డు తీసి, "మాస్టారూ, ఇది మా వోడికి పనికొచ్చేదేనా?" అని అడిగాడు. పట్నం చేరి ఉంటే పనికొచ్చేదేమో అన్నాను. మొదటి రోజు నేను చేసిన పని అప్పుడు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. కార్డు మళ్లీ కవర్లో పెట్టుకున్నాడు, చిన్నదాని పేరు ఒకటో తరగతిలో రాయమన్నాడు.