ఆచారమునకు సాక్షి యెవరు?

మొన్న కోవూరిలో నొక వివాహమునకు బోయితిని. కన్యాదానము చేయుచున్నవారు వధువు పినతండ్రియు పినతల్లియు. వితంతువైన తల్లి వంటయింటి గడప దాటలేదు. "ఇది మన యాచార" మనిరి పెద్దలు.

రుజువైన యాచారము శాస్త్రవచనముకంటె బలవత్తరమని 1868లో, రామనాథపురపు రాణి చేసికొన్న దత్తతనుగూర్చిన వ్యాజ్యెమున, ప్రీవీ కౌన్సిలు తీర్మానించెను. మంచిదే. కాని యట్టి రుజువునకై బోనెక్కవలసిన సాక్షి యెవరు? 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము చేయించుటకు ముందు వీరేశలింగము పంతులుగారు స్మృతివాక్యములనుగూర్చి పండితులతో వాదింపవలసివచ్చెను. ఉభయపక్షములందును పురుషులే!

ఇట్లు వ్రాయుచున్న నేనుమాత్రము? ఆ తల్లిపక్షమున గంటసేపు వాదించితినే కాని, యామె నొక్కమాట యడుగనైతిని. భోజనములైన పిమ్మట నడిగితిని.

"అక్షతలు వేయవలెననియే యున్న దన్నా. రేపు బిడ్డ కేదైన నైనచో నా యడుగువలననే యందురు. అప్పుడు మీరు వత్తురా?"

నాకు బదులు దోచలేదు.