ఆ అబ్బాయి ఎవరి తాలూకు?



రక్తం అనగానే ఎరుపే గుర్తొస్తుంది. కాని అందులో సగానికి పైగా, దాదాపు 55 శాతం, లేత పసుపు రంగు ద్రవం. అదే ప్లాస్మా. ప్రాణవాయువును మోసే ఎర్రకణాలు, గాయమైన చోట గండి పూడ్చే ప్లేట్‌లెట్లు, రోగక్రిములతో పోరాడే తెల్లకణాలు దానిలోనే తేలుతూ ఉంటాయి. మనం అసహ్యించుకునే చీము చాలావరకు మన కోసం పోరాడి చచ్చిన తెల్లకణాలే! (ఈ మాట జ్ఞానోపదేశ తరగతిలో చెబితే పిల్లలు ముక్కు మూసుకున్నారు.)

తెల్లకణాలలో ఒక రకం నుండి యాంటీబాడీలు పుడతాయి. ఇవి కాపలావాళ్ళు. కణం మీది గుర్తును బట్టి పరాయిదానిని పట్టుకుంటాయి. ఎర్రకణాల మీద ఉండే 'ఎ', 'బి' గుర్తుల సంగతి 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ బయటపెట్టారు. ఈ రెండూ లేనిది 'ఓ' గ్రూపు. ఆ గ్రూపువారి ప్లాస్మాలో రెండింటికీ విరుద్ధమైన యాంటీబాడీలు పసితనంలోనే సిద్ధమవుతాయి. వారికి వేరే గ్రూపు ఎర్రకణాలు ఎక్కిస్తే ప్రాణం మీదికే వస్తుంది.

కొన్నేళ్ళ క్రితం మా విచారణలో ఒక చెల్లెమ్మకు కాన్పులో రక్తస్రావం ఆగలేదు. 'ఓ' పాజిటివ్ కావాలన్నారు. తోడబుట్టిన అన్న చొక్కా చెయ్యి మడిచి ముందుకొచ్చాడు. అతనిది 'బి'. ఒకే తల్లి కడుపున పుట్టినా కుదరలేదు. కుదిరింది పేట చివరి నుండి వచ్చిన ఒక కుర్రవాడి రక్తం. గుడిలో ఏళ్ళ తరబడి మనం వెనుక వరుసకే అలవాటు చేసిన ఇళ్ళవారి బిడ్డ. ఆ రాత్రి ఇంటి పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "ఫాదరుగారూ, ఆ అబ్బాయి ఎవరి తాలూకు?" అన్నారు. నాకు కోపం వచ్చింది, దాచుకోను. ఆ తల్లి ఒంట్లోని యాంటీబాడీలు కూడా అడగని ప్రశ్న అది!

ఒకే బలిపీఠం నుండి దివ్యసత్ప్రసాదం స్వీకరించే మనమా ఇలా అడిగేది? పునీత పౌలుగారు శరీరమూ అవయవాలూ అంటూ కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 12వ అధ్యాయం మనకు కంఠతా వచ్చు. దానికి ముందున్న 11వ అధ్యాయం కూడా ఈ వారం ఇంట్లో చదవండి. ప్రభు భోజనానికి కూడినచోట కొందరు ఆకలితో ఉండిపోయారని ఆయన ఎంత మండిపడ్డారో చూడండి.

ఇక రక్తమిస్తే నీరసపడతామన్న భయం. 18 ఏళ్ళు నిండి, 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా ఉన్నవారు ఇవ్వవచ్చు. పోయిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో, ఎర్రకణాలు కొన్ని వారాల్లో తిరిగి సమకూరుతాయి. మగవారు 90 రోజులకు, ఆడవారు 120 రోజులకు మళ్ళీ ఇవ్వవచ్చు.

ఆ కుర్రవాడు ఇప్పటికి మరో నాలుగుసార్లు ఇచ్చాడు. ఆనాడు పుట్టిన పాపకు మూడేళ్ళు నిండాయి. ఆమె బ్లడ్ గ్రూపు ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ అబ్బాయి పేరు మాత్రం ఇంతవరకు ఎవరూ నన్ను అడగలేదు.