జెండా దించిన మరునాడు

పదిమందితో బయలుదేరి, చివరి మెట్టు ఒక్కరే ఎక్కడం మన పురాణాల్లోని పెద్ద యాత్రల తీరు. మహాప్రస్థానంలో ద్రౌపది మొదలు భీముడి దాకా ఒక్కొక్కరే ఒరిగిపోయాక కూడా ధర్మరాజు నడక ఆగలేదు. వెంట మిగిలింది ఒక కుక్క. స్వర్గద్వారం దగ్గర ఆ కుక్కను వదిలి రమ్మనే అసలు పరీక్ష ఆయనకు ఎదురైంది ఆ ఒంటరితనంలోనే. పక్కన తమ్ముళ్ళు ఉన్నంత కాలం ఆ పరీక్ష ఆయనకు పెట్టినవాళ్ళు లేరు.

ఈ సంగతి ఇప్పుడు తలచుకోవడానికి కారణముంది. కామారెడ్డి, బాన్సువాడ, మా పెద్దకొడప్‌గల్ వైపు నుంచి కూడా ఉద్యోగ విరమణ చేసినవాళ్ళు ఈమధ్య యూరప్ ప్యాకేజీ టూర్లకు వెళ్తున్నారు. పారిస్‌లో మొదలై, స్విట్జర్లాండ్ మంచుకొండల మీదుగా ఇటలీలో దిగే యాత్రలు. టూర్ మేనేజర్ చేతిలో చిన్న జెండా, బస్సెక్కగానే తలల లెక్క, దిగగానే "నలభై నిమిషాలు, మళ్ళీ ఇక్కడికే రావాలి" అనే హెచ్చరిక. చాలా టూర్లకు రోమ్ చివరి మజిలీ. అందరూ విమానాశ్రయానికి బయలుదేరితే, ముందే ఏర్పాటు చేసుకున్న ఒకరిద్దరు మాత్రం ఆగిపోతారు. టూరు కంపెనీల వాళ్ళు దీన్ని డీవియేషన్ అంటారు. తిరుగు టికెట్టు, వీసా గడువు, బీమా తేదీలు ఇంటి దగ్గరే సరిచూసుకుంటే అంతకుమించి కష్టం లేదు. అలా ఆగినవాళ్ళలో నేనూ ఉన్నాను. జెండా లేని ఆ ఉదయం ఆధ్యాత్మికంగా ఎంత విలువైనదో చెప్పాలనే ఈ ప్రయత్నం.

ముందుగా గుంపుకు నమస్కారం. మా ప్రాంతం మహారాష్ట్ర, కర్ణాటకలకు దగ్గర. విఠలుడి పేరు వినని ఇల్లు తక్కువ. హరినామ సప్తాహంలో తాళాల మోత నిద్రపోయేవాణ్ణి కూడా భజనలో కూర్చోబెడుతుంది. ఆషాఢ ఏకాదశికి దిండి అనే భజన బృందంతో పండరికి నడిచేవాళ్ళ కాళ్ళను ముందుకు నడిపేది పక్కవాడి గొంతులోని అభంగం. ఒంటరిగా అయితే సగం దారిలోనే తిరిగి వచ్చేవాళ్ళు చాలామంది. సత్సంగం బలహీనుడికి కాళ్ళిస్తుంది. వేదాంత పరిభాషలో దీన్ని శ్రవణమనుకోవచ్చు. గురువు చెబుతాడు, మనం వింటాం. టూర్ గైడు చెప్పే సంవత్సరాలూ చక్రవర్తుల పేర్లూ కూడా శ్రవణమే. అది లేకుండా తర్వాతి మెట్టు లేదు.

అయితే శ్రవణం తర్వాత మననం, అంటే విన్నదాన్ని ఆలోచించుకోవడం, ఆ పైన నిదిధ్యాసనం, అంటే దానిలోనే మనసు నిలపడం, ఉన్నాయి. వినడం పదిమందిలో సాధ్యం. మననం ఎవరిది వారే చేసుకోవాలి. నలభై నిమిషాల గడియారం కింద మననం సాగదు. టూరు ముగిసిన మరునాడు చేతిలోకి వచ్చే గొప్ప ధనం ఆ గడియారం లేకపోవడమే.

రోమ్ వీధుల్లో అడుగడుగునా ఇనుప మంచినీటి కొళాయిలు కనిపిస్తాయి. వంకర ముక్కులాంటి గొట్టం ఉంటుంది కనుక వాటిని నసోనీ అంటారు. 1870లలో మొదలైన ఈ కొళాయిలు నగరంలో ఇప్పుడు రెండు వేలకు పైగా ఉన్నాయి. పగలూ రాత్రీ నీళ్ళు కిందికి పారుతూనే ఉంటాయి. గుంపుతో ఉన్నప్పుడు సీసా పట్టుకుని నింపుకోవడమే తెలుసు. మరునాడు ఒక సందులో ఊరివాళ్ళు తాగే పద్ధతి నిదానంగా గమనించాను. ఒక పెద్దాయన కర్రను గోడకు ఆనించి, గొట్టం మూతిని వేలితో మూశారు. గొట్టం వంపు మీద ఉన్న చిన్న రంధ్రంలోంచి నీరు ధారగా పైకి లేచింది. ఆయన వంగకుండానే తాగి, తడి చేయి ముఖానికి రాసుకుని వెళ్ళిపోయారు. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి బోధించినదీ ఇదే కదా. ఇంద్రియాలు బయటికి తెరుచుకునే పుట్టాయి, అందుకే మనిషి బయటికే చూస్తాడు. ఎవడో ఒక ధీరుడు ఆ దారి మూసి చూపును వెనక్కి తిప్పుకుంటాడు. ప్రవాహం నశించదు, దిశ మారుతుంది. కిందికి జారిపోయేదే పైకి లేస్తుంది.

అక్కడికి దగ్గరలోనే పాంథియోన్ అనే ప్రాచీన రోమన్ గుడి. మొదట అగ్రిప్ప కట్టించిన గుడి కాలిపోయాక, నేడు మనం చూసే కట్టడం రెండో శతాబ్దంలో హాడ్రియన్ చక్రవర్తి కాలంలో పూర్తయింది. అయినా ముఖద్వారం మీద పెద్ద అక్షరాలతో ఉన్నది అగ్రిప్ప పేరే. ఇంత పని చేయించినవాడు పాతవాడి పేరు నిలబెట్టాడు. కర్తృత్వాహంకారాన్ని వదలమని గీత వింటూ పెరిగిన మనం గుడికి ఫ్యాను ఇచ్చినా రెక్కల మీద పేరు రాయించుకుంటాం. ఆ ద్వారం ముందు ఈ ఒక్క విషయం ఆలోచిస్తూ ఎంతసేపైనా నిలబడవచ్చు.

లోపల గుమ్మటం వ్యాసం 43.3 మీటర్లు, నేల నుంచి ఎత్తూ అంతే. లోపల ఇనుప చువ్వ లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఇంతకంటే పెద్దది ప్రపంచంలో నేటికీ లేదు. పంతొమ్మిది శతాబ్దాలు నిలిచిన రహస్యం ఏమిటంటే, అడుగున బరువైన రాయి కలిపారు, పైకి పోయేకొద్దీ తేలికైన రాయి వాడారు, చివరికి నీటిపై తేలేంత తేలికైన అగ్నిపర్వతపు రాయి వేశారు. గోడ మందం కూడా పైకి తగ్గుతూ పోతుంది. ఎత్తుకు వెళ్ళాలంటే బరువు తగ్గించుకోవాలని మన పెద్దలు చెప్పిన వైరాగ్యం ఇక్కడ కట్టడపు లెక్కగా నిలబడి ఉంది. ఇక నట్టనడుమ, ఎక్కడ అన్నిటికంటే బలమైన రాయి ఉండాలనుకుంటామో అక్కడ ఏమీ లేదు. దాదాపు 9 మీటర్ల గుండ్రని ఖాళీ. అందులోంచే వెలుగు వస్తుంది, వానా వస్తుంది. పడ్డ వాన పోవడానికి నేలలో చిన్న చిన్న తూములు పెట్టారు.

ఛాందోగ్యం ఎనిమిదో అధ్యాయం ఈ శరీరాన్ని బ్రహ్మపురమన్నది. దానిలో ఒక చిన్న పద్మగృహం, ఆ గృహంలో ఒక చిన్న ఆకాశం, వెతకవలసింది దాన్నే అని చెప్పింది. బయటి ఆకాశం ఎంతో లోపలిదీ అంతే అన్నది. గీత కూడా దేహాన్ని తొమ్మిది ద్వారాల పురమన్నది. పాంథియోన్ కట్టినవారికి మన ఉపనిషత్తులు తెలుసని నేననను. ఏ దేశపు మనిషైనా తన లోపలి ఖాళీని గుర్తుపట్టగలడని మాత్రం అంటాను. గుర్తుపట్టడానికి అక్కడ కాసేపు మౌనంగా కూర్చునే తీరిక కావాలి.

ఇలా ఒంటరిగా తిరగడం బాధ్యతల నుంచి పారిపోవడం కాదా అని అడిగేవారికి భాగవతం ఏకాదశ స్కంధంలో జవాబుంది. లోకతత్త్వం తెలుసుకోవాలని ఊళ్ళు తిరిగిన అవధూత, యదు మహారాజుకు తన ఇరవై నలుగురు గురువులను వరసగా చెబుతాడు. వారిలో ఒక కన్యక ఉంది. ఇంట్లో పెద్దలు లేనప్పుడు ఆమెను అడగడానికి పెళ్ళివారు వచ్చారు. వాళ్ళ భోజనం కోసం ఆమె లోపల వడ్లు దంచసాగింది. చేతి గాజులు గలగలమన్నాయి. సిగ్గుపడి ఒక్కొక్కటే తీసేసి చేతికి రెండేసి ఉంచుకుంది. అవీ ఒరుసుకున్నాయి. చివరికి చేతికొకటి మిగిల్చింది, చప్పుడు ఆగింది. ఏకాంతం విలువ చెప్పడానికే ఈ కథను వాడతారు. నాకు ఇందులో అంతకంటే ముఖ్యమనిపించేది మరొకటుంది. చప్పుడు ఆగింది కానీ దంచడం ఆగలేదు. అతిథుల అన్నం అతిథులకు అందింది. ఏకాంతం తీసేయవలసింది గాజుల మోతను, చేతిలోని రోకలిని కాదు.

మన తెలుగునాట పుట్టిన ఒక మహనీయుడి జీవితంలో ఇదే సత్యం యూరప్ గడ్డ మీదే రుజువైంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా నిలబెట్టడానికి 1911లో ఒక అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది. 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్ శిబిరంలో, మూడు వేల మంది ఎదుట, ఆయన ఆ సంస్థను తానే రద్దు చేశారు. సత్యానికి ఎవరూ వేసిపెట్టిన బాట లేదని, తనకు అనుచరులు వద్దని చెప్పారు. సంస్థకు వచ్చిన కోటను, భూములను ఇచ్చినవారికే తిరిగి ఇచ్చేశారు. నడిపించేవాడే జెండా దించేశాడు. ఆ తర్వాత ఆయన అడవికి పోలేదు. 1986లో కన్నుమూసేదాకా దేశదేశాలు తిరిగి జనంతో మాట్లాడుతూనే ఉన్నారు. చప్పుడు ఆగినా దంచడం ఆగలేదని చెప్పడానికి ఇంతకంటే గొప్ప సాక్ష్యం అక్కర్లేదు.

ఒంటరిగా ఉన్న మొదటి గంటలో భయం వేస్తుంది. భాష రాదు, దారి తెలియదు, ఏ బస్సెక్కాలో తెలియదు. హోటల్ చిరునామా కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి, ఇంటివాళ్ళకు చెప్పి బయలుదేరండి. ఆపైన ఎదురొచ్చినవారిని వినయంగా అడగండి. ఊళ్ళో పెద్దమనిషిగా పదిమందికి దారి చెప్పినవాడు అక్కడ చిన్నపిల్లవాడి దగ్గర దారి అడగవలసి వస్తుంది. అమానిత్వం, అంటే గొప్పతనం కోరుకోకపోవడం. జ్ఞాన లక్షణాలు చెబుతూ గీత పదమూడో అధ్యాయం మొట్టమొదట లెక్కపెట్టింది దాన్నే.

కాబట్టి టూరు బుక్ చేసుకునేవారికి నా మనవి. చివరి నగరంలో ఒక్క రోజైనా అదనంగా అడగండి. ఆ రోజు జాబితా పెట్టుకోకండి, ఒక్క చోటునే నిదానంగా చూడండి. వెళ్ళే స్తోమత లేనివారు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. సప్తాహం ముగిసి, గోపాలకాలా ప్రసాదం పంచి, పందిరి విప్పేసిన మరునాడు అదే గుడిలో ఒక గంట ఒంటరిగా కూర్చోండి. ఏడు రోజులు విన్నది మనదయ్యేది ఆ గంటలోనే.