మంచికి వెల కట్టవచ్చునా?

మన ప్రాథమిక పాఠశాలలలో వార్షికోత్సవమనగా చిరకాలము ఒకటే యర్థముండెను. తరగతిలో మొదటి మార్కులు వచ్చినవారికి పెద్దల చేతిమీదుగా పుస్తకమో, పళ్లెమో యిప్పించుట. తక్కినవారు చప్పట్లు కొట్టుట. ముప్పదిమందిగల తరగతిలో ముగ్గురు వేదిక నెక్కుదురు. ఇరువదియేడుగురు ఐదేండ్లపాటు చప్పట్లు కొట్టియే బడి విడిచిపోవుదురు. తమయందు మెచ్చదగినదేదియు లేదను పాఠమును వారు ఎవ్వరును చెప్పకయే నేర్చుకొందురు. తక్కిన పాఠములు మరచినను దానిని మరవరు.

ఈ యన్యాయమును తొలగింపవలెనను తలంపు ఇప్పుడు బలపడినది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము తన 29వ విభాగమున, పాఠ్యప్రణాళిక బాలుని సర్వతోముఖాభివృద్ధిని దృష్టియందుంచుకొనవలెనని చెప్పినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము, ప్రగతిపత్రములో ఉపాధ్యాయుని తీర్పుతోపాటు, బాలుడు తన్ను గూర్చి చెప్పుకొను మాటకును, తోడివారు అతనిని గూర్చి చెప్పు మాటకును చోటుండవలెనన్నది. కావున పాటకు, పరుగుపందెమునకు, చిత్రలేఖనమునకు, పరిశుభ్రతకు, తుదకు దయకుగూడ బహుమతులు ఏర్పడుచున్నవి. "ఆటపాటలు అన్నము పెట్టునా?" అని యడుగు తల్లిదండ్రులు ఇంకను గలరు. వారికి మేము చెప్పునది స్వల్పము. ఏడేండ్ల బిడ్డకు అన్నము సంపాదించు పని ఇంకను రాలేదు. తనపై తనకు నమ్మకము కుదుర్చుకొను పని మాత్రము అప్పుడే మొదలైనది.

అయినను ఈ మంచి మార్పులోనే యొక చిక్కు కలదు. దానిని మేము గ్రంథములవలన గాక మా తప్పిదమువలననే తెలిసికొంటిమి.

మా బడిలో మూడవ తరగతి బాలుడొకడు కాలు సరిగా సాగక మెల్లగా నడచువాడు. మధ్యాహ్నభోజన సమయమున అదే తరగతి బాలిక యొకతె ప్రతిదినమును తన పళ్లెముతోపాటు అతని పళ్లెమునుగూడ పట్టుకొని వరుసలో నిలిచి, అన్నము పెట్టించుకొని వచ్చి, అతని ప్రక్కనే కూర్చుండి తినెడిది. ఆమెకు ఎవ్వరును చెప్పలేదు. ఆమెయు ఎవ్వరికిని చెప్పుకొనలేదు. మేము చూచి సంతోషము పట్టలేక, ఆ యేటి వార్షికోత్సవమున ‘దయాగుణ బహుమతి’ యని పేరుపెట్టి ఆమెకు చేతిగడియారమొకటి యిప్పించితిమి. అంతటితో నిలువక, ఈ బహుమతి ఇకమీదట ఏటేట నుండునని సభలో ప్రకటించితిమి.

మరుసటి యేడు బడి తెరచిన వారము దినములలో ఆ బాలుని పళ్లెమునకు పోటీ యేర్పడినది. ఇద్దరు పిల్లలు దానిని చెరియొక ప్రక్క పట్టి లాగగా పప్పన్నము నేలపాలయ్యెను. ఆ బాలిక దూరముగా నిలిచి చూచుచుండెను. నీవేల తేలేదని యడిగితిమి. "మళ్లీ బహుమతి కోసమే తెస్తున్నానంటున్నారు మాస్టారూ!" అనినది. బాలుడు తల వంచుకొని, "రేపటినుంచి నా పళ్లెం నేనే తెచ్చుకుంటానండీ" అనెను.

మాకు సిగ్గు కలిగినది. ఆమెను వేదికపై పొగడునప్పుడు అతని కాలిని గూర్చి ఊరివారందరి యెదుట చెప్పితిమి. చెప్పవచ్చునా యని అతని నడుగనైన లేదు. ఇద్దరు బిడ్డల నడుమనున్న స్నేహమును ఒకరి గొప్పగాను, మరియొకరి కొరతగాను మార్చితిమి.

1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అను మనశ్శాస్త్రజ్ఞులు, బొమ్మలు వేయుటయందు సహజప్రీతిగల మూడు మొదలు ఐదేండ్ల వయసు పిల్లలను పరిశీలించిరి. కొందరికి బొమ్మ వేసినచో ప్రశంసాపత్రము లభించునని ముందుగా చెప్పిరి; కొందరికి చెప్పకయే, వేసిన పిమ్మట ఇచ్చిరి; కొందరికి ఏమియు నీయలేదు. కొన్ని దినముల తరువాత, ఇష్టమైన యాట ఆడుకొనుడని విడిచిపెట్టగా, ముందుగా ఆశ చూపబడిన పిల్లలు బొమ్మలు వేయుటలో గడపిన కాలము తక్కినవారి కాలములో ఇంచుమించు సగమే. అనుకొనని పత్రము పొందినవారికి ప్రీతి తగ్గలేదు. చెరుపు చేసినది మెచ్చుకోలు కాదు, బేరము.

అయినచో పరుగుపందెమునకు బహుమతి తప్పా? కాదు. పందెము పందెమని పిల్లలకు తెలియును. ఒకడు గెలిచినందున మరియొకనికి అవమానము లేదు. పరుగునకు నేలపై సున్నముతో గీత గీయవచ్చును. దయ నడచునది మరియొకరి యవసరముమీద. దానిని పందెపుగీతగా చేయరాదు.

పతంజలి యోగసూత్రములలో సుఖులయెడ మైత్రి, దుఃఖితులయెడ కరుణ, పుణ్యులయెడ ముదిత, అపుణ్యులయెడ ఉపేక్ష అని నాలుగు భావనలు చిత్తము నిర్మలమగుటకు చెప్పబడినవి. ముదిత యనగా ఒకరి మంచిని చూచి సంతోషించుట. అది చూచువాని మనస్సులో పుట్టునదే గాని, చేసినవానికి చెల్లించు వెల కాదు. ఉత్సవమను మాటకు బడిలో నిజమైన యర్థము ఇదియేయని మాకు తోచుచున్నది. గెలిచిన బిడ్డకంటె చప్పట్లు కొట్టు బిడ్డకే అది పాఠము.

ఆ బహుమతిని మేము మానివేసితిమి. దానికి మారుగా, శనివారము కడపటి గంటలో, ఏ బిడ్డయైనను లేచి, ఆ వారములో మరియొకరు చేయగా తాను చూచిన మంచిని చెప్పవచ్చునని యేర్పరచితిమి. మొదటి రెండవ స్థానములు లేవు, వస్తువులు లేవు. చెప్పిన మాటను చిన్న చీటీపై వ్రాసి యింటికి పంపుదుము. పేదయింటి తల్లికి దాచుకొనుటకు అదియైన నుండవలెను గదా. మొదటి వారము ఎవ్వరును లేవలేదు. మూడవ వారము రెండవ తరగతి పసివాడొకడు లేచి, తాము అన్నముకొరకు కాచుకొనియుండగా ఆ కుంటినడక బాలుడు తమకు కథలు చెప్పునని చెప్పెను. అంతవరకు మేము ఆ బిడ్డ కాలినే చూచితిమి. అతని కంఠమును వినియుండలేదు.

ఈ పద్ధతిలో లోపము లేదని మేము చెప్పము. "ఈ శనివారం నా పేరు చెప్పవా!" అని గుసగుసలాడు పిల్లలను చూచితిమి. బేరము ఏ సందునుండియైనను లోపలికి రాగలదు, ఉపాధ్యాయుడు కనిపెట్టియుండవలసినదే. ఆ బాలుని పళ్లెమును ఇప్పుడు కొన్నాళ్లు అతడే తెచ్చుకొనును, కొన్నాళ్లు ఆమె తెచ్చును. ఎవరు తెచ్చినను ఇద్దరును ఒకచోటనే తినుచున్నారు. మేము చూచి యూరకుందుము.

బిడ్డ బడినుండి రాగానే "నీకెన్ని మార్కులు?" అనియు, వెంటనే "ఎదురింటివానికెన్ని?" అనియు అడుగుట మన యిండ్లలో వాడుకయైనది. వారమున కొక్కనాడైనను "ఈ వేళ ఎవరు ఏ మంచిపని చేయగా చూచితివి?" అని యడిగి, చెప్పినది ఓపికతో విని చూడుడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకై బిడ్డ మరునాడు బడిలో తోడివారివైపు కన్నులు తెరచి చూచును.