బల్లకి అవతలి వైపు

కంప్యూటర్ వెలగ్గానే ముందు కనపడేదాన్ని డెస్క్‌టాప్ అంటారు. అంటే బల్ల పైభాగం. దాని మీద ఫైళ్ళు, ఫైళ్ళు పెట్టుకునే ఫోల్డర్లు, పనికిరాని కాయితాలు పడేసే బుట్ట. ఇది అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో 1970లలో పుట్టిన ఆలోచన. ఆఫీసులో పనిచేసే మనిషికి యంత్రమంటే బెరుకు పోవాలంటే, రోజూ వాడే బల్లనే తెర మీద బొమ్మగా చూపిస్తే చాలనుకున్నారు. 1981లో జిరాక్స్ స్టార్, 1984లో యాపిల్ మెకింటోష్, ఆ తర్వాత విండోస్ 95 ఆ బల్లని లోకమంతా వేశాయి. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకంటే సులువైంది లేదన్నారు. రోజూ చూసే బల్లే గదా!

ఎవరు చూసే బల్ల?

హంసలదీవి దగ్గర మా పల్లెలో నా చిన్నప్పుడు ఏ ఇంట్లోనూ బల్ల లేదు. తిండి నేలమీద, పడక నేలమీద, చదువు నేలమీద. కాయితం ముక్క ఉంటే చూరులో దోపేవాళ్ళు. మరీ విలువైనదైతే రేకుపెట్టెలో కోకల అడుగున దాచేవాళ్ళు. బల్ల అనేది ఊళ్ళో కరణంగారి అరుగు మీద ఉండేది. మేం దాన్ని ఒక వైపు నుంచే ఎరుగుదుం, చేతులు కట్టుకుని నిలబడే వైపు నుంచి. దస్త్రం అనే మాట మాకు బాగా తెలుసు. దస్త్రంలో ఏముందో తెలీదు. "ఏం రాశారయ్యా?" అని మా తాత అడిగితే "నీకెందుకురా, వేలు పెట్టు" అనేవాళ్ళంట. ఆ వేలిముద్రల కింద ఎన్ని సెంట్ల నేల పోయిందో మా ఇళ్ళల్లో ఇప్పటికీ లెక్క తేలలేదు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం మునసబుల వంశపారంపర్య ఉద్యోగాలు రద్దు చేసింది. మనుషులు మారారు. బల్ల అట్టాగే ఉంది.

అందుకే కరణం మనవడు డెస్క్‌టాప్ నేర్చుకోటం, మాలమాదిగ పిల్లోడు డెస్క్‌టాప్ నేర్చుకోటం ఒకటేనంటే నేను ఒప్పుకోను. మొదటివాడు తాత బల్ల ముందు కూచుంటున్నాడు. రెండోవాడు బల్ల చుట్టూ నడిచి, వంశంలో ఎవరూ పోని వైపుకి పోతన్నాడు. ఆ నాలుగడుగులు సిలబస్‌లో ఉండవు.

నేను 1998లో బందరులో ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నాను. హైదరాబాదులో సైబర్ టవర్స్ మొదలైన సంవత్సరం అది. టైపు ఇన్‌స్టిట్యూట్లు బోర్డులు మార్చి కంప్యూటర్ సెంటర్లవుతున్న కాలం. ఏసీ గది, కిటికీలకి తెరలు, గుమ్మం దగ్గర చెప్పులు విప్పమని బోర్డు. దుమ్ము పడితే యంత్రం పాడవుద్దంట. నిజమే కావచ్చు. అయితే చెప్పులు చేతబట్టుకుని ఊరి వీధి దాటిన తాతలున్నవాడికి ఆ బోర్డు ఒక్క దుమ్ము గురించే చెప్పదు. దసరాకి మానిటర్లకి పసుపు రాసి కుంకం బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. సిలికాన్ ముక్కని కూడా గర్భగుడిలోకి ఎక్కించగల సమర్థత మన దేశానికుంది.

యంత్రాలు నాలుగు, మేం పన్నెండు మందిమి. ఒక్కోదానికి ముగ్గురు. మౌస్ ఎవరి చేతిలో ఉండాలో ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేకపోయింది. ఇంట్లో బల్ల ఉన్నవాళ్ళ చేతిలో ఉండేది. వెనక కుర్చీల్లో మేం. "చూసి నేర్చుకోండి" అనేవాడు ఇన్‌స్ట్రక్టరు. నేను అట్టముక్క మీద కీబోర్డు గీసుకుని రాత్రిపూట హాస్టల్లో దాని మీద వేళ్ళు ఆడించేవాణ్ణి.

ఈ 'చూసి నేర్చుకో' అనే మాట మీదే నా పేచీ. చూసి నాటు వెయ్యటం ఎవరన్నా నేర్చుకున్నారా? చూసి వల విసరటం, చూసి ఈత కొట్టటం, చూసి చెప్పు కుట్టటం? మా పల్లెల్లో ఏ జ్ఞానమైనా చేతి నుంచి మెదడుకి పోద్ది. విని వల్లెవేసేది విద్య, చేత్తో ముట్టుకునేది చాకిరీ అని గీత గీసింది వేరేవాళ్ళు. ఆ గీతకి ఒక పక్క పండితుడు పుట్టాడు, ఇంకో పక్క అంటరానివాడు పుట్టాడు. తమాషా ఏమిటంటే డెస్క్‌టాప్ వల్లెవేస్తే వచ్చేది కాదు. బాణం గుర్తుని బొమ్మ మీదికి తీసకపోటం, రెండుసార్లు టకటకా నొక్కటం, నొక్కిపట్టి జరపటం, ఇదంతా చేతి విద్య. 1990 నుంచి విండోస్‌తో పాటు వచ్చిన పేకాట, ఆ సాలిటేరు, ఎంతోమందికి నొక్కిపట్టి జరపటం అలవాటు చేసింది. మా దగ్గర అది కాలక్షేపమని మూయించేవాళ్ళు. మాకు కావాల్సిన పాఠమే అది.

ముట్టుకోటం దగ్గర అంబేద్కర్ గుర్తుకు రావాలి. కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చి 1917లో ఆయన బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే, బంట్రోతులు ఫైళ్ళని దూరం నుంచి ఆయన బల్ల మీదికి విసిరేవాళ్ళని జీవితచరిత్రలో రాశారు. బల్ల వెనక కూచున్నా బల్ల ఆయనది కాలేదు. ఆ అంబేద్కరే 1945లో గాంధీవాదాన్ని విమర్శిస్తూ యంత్రం పక్షాన వాదించాడు. గొడ్డుచాకిరీ నుంచి బయటపడి మనిషిలా ఆలోచించుకోవాలంటే తీరిక కావాలి, తీరిక కావాలంటే యంత్రం కావాలన్నాడు. బ్యాంకుల్లో కంప్యూటర్లొద్దని యూనియన్లు కొట్లాడిన రోజుల్లో మన కమ్యూనిస్టు మిత్రులు ఆ పేజీ తిప్పినట్టు లేదు. ఉద్యోగాలు పోతాయన్న భయం అబద్ధమేం కాదు. ఆ ఉద్యోగాల్లో మనవాళ్ళెంతమంది అని మాత్రం అడగలేదు.

మా ఊరికో స్థలపురాణం ఉంది. జనం పాపాలు మోసి మోసి నల్లబడ్డ గంగ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, కృష్ణ సముద్రంలో కలిసే చోట మునగ్గానే తెల్లటి హంసయిందంట. అందుకని హంసలదీవి. నలుపు పాపం, తెలుపు పుణ్యం! కంప్యూటర్ నేర్చుకుంటే నీ బతుకే మారిపోద్దనేవాళ్ళ మాటల్లో నాకు ఈ కథే వినపడుద్ది. ఒక్క మునకేసి హంసవై ఎగిరిపో, పల్లె మొహం చూడకు అని.

అట్టా హంసలైనవాళ్ళని చూశాను. 2012లో ఆధార్ నమోదుకి ఒక కేంద్రానికి పోతే బల్ల వెనక ఉన్నది మా పక్క పల్లె కుర్రాడే. ముందు నిలబడ్డ ముసలామెతో, తెర మీంచి మొహం తిప్పకుండా, "వేలు పెట్టు" అన్నాడు. మా తాత విన్న మాటే. ఈసారి సిరా లేదు, గాజు పలక ఉంది. నమోదయ్యే మనిషి తన వివరాలు చూసుకోటానికి ఇంకో తెర పెట్టాలని ఆధార్ నిబంధనల్లోనే ఉంది. అక్కడా ఉంది, గోడ వైపు తిరిగి. ఆ కుర్రాణ్ణి తిట్టటం తేలిక. వెనక బారెడు వరస, కరెంటు ఎప్పుడు పోద్దో తెలీదు, మనిషికింతని కూలి. నేనడిగేది వేరు. బల్ల వెనక మనవాడు కూచుంటే చాలా, లేక ఆ బల్లే కూచున్నవాణ్ణి కరణంగా మార్చుద్దా? రిజర్వేషన్ మీద నాకు రెండో మాట లేదు. కుర్చీలు మనకి రావాలి, ఇంకా రావాలి. కాని తెర ఒక వైపుకే తిరిగి ఉన్నంతకాలం అటు కూచున్నవాడికి ఎదుటి మనిషి బతుకంతా కనపడుద్ది, ఎదుటి మనిషికి మాత్రం ప్లాస్టిక్ వీపు కనపడుద్ది. కులం చేసే పని ఇదే గదా.

ఇప్పుడు మా ఇంట్లో ఒక పాత కంప్యూటరుంది. సాయంత్రం పల్లె పిల్లలొస్తారు. నేను చెప్పే మొదటి పాఠం మానిటర్ తిప్పటం. అర్జీ కొట్టించుకోటానికి వచ్చిన మనిషికి కనపడేట్టు తిప్పు. కొట్టింది పైకి చదువు. ఆఖర్న ఎంటర్ వాళ్ళ చేత నొక్కించు. టైం పట్టుద్ది సార్ అంటారు పిల్లలు. పట్టుద్ది. వేలిముద్రకి అర నిమిషం, చదివి వినిపించటానికి అయిదు నిమిషాలు. మన నేలలు పోయింది ఆ నాలుగున్నర నిమిషాల్లోనే.

రెండో పాఠం సేవ్. దీవిసీమలో దాన్ని ఒక మీట నొక్కటంగా చెప్పి ఊరుకుంటే కుదరదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో మనుషులతో పాటు రేకుపెట్టెలూ కొట్టుకుపోయాయి. మా పెదనాన్న బతికాడు, పట్టా కాయితం పోయింది. నకలు కావాలంటే మళ్ళీ బల్ల ముందుకే, చేతులు కట్టుకుని. కాయితం ఒక్కటే ఉంటే అది ఎవరి దగ్గరుందో వాడే దొర. రెండు చోట్ల దాచండిరా అంటాను.

పోయినేడు మా పిన్నమ్మ వచ్చి కూచుంది. అరవై దాటిన మనిషి. పొలం కాయితాల్లో వాళ్ళ నాన్న పేరు చివర ఎప్పుడో ఎవరో రాసిన 'గాడు' అట్టాగే వస్తా ఉంది, తీయించాలని అర్జీ. నాట్లేసిన వేళ్ళు, చివర్లు పగిలి ఉన్నాయి. డబుల్ క్లిక్ రెండు రోజులు పడలేదు. మూడో రోజు పడింది. దీన్నేదో అద్భుతంగా చెప్పను, అర్జీ నేనే కొట్టాను. కాయితంలో ఉన్న పేరు ఉన్నట్టుగా ముందు కొట్టి చదివి వినిపిస్తే ఆగమంది. బాణాన్ని తనే తీసకపోయి 'గాడు' మీద నొక్కిపట్టి జరిపింది. ఆ రెండక్షరాలూ నీలంగా మారాయి.

"ఇప్పుడేం నొక్కాలిరా అబ్బాయ్?"

డిలీట్ చూపించాను. నొక్కింది.

"అంతేనా?"

"ఆఫీసులోది పోలేదు పిన్నమ్మా. మన కాయితంలోదే పోయింది."

"తెలుసులే. రెండు కాయితాలు తియ్యి. ఒకటి వాళ్ళకి, ఒకటి నా పెట్టెలోకి."